మందు అందింది.. మాట అందలేదు

ఒక దృశ్యం ఊహించుకోండి. ఒట్టపిడారం తాలూకాలో ఓ పల్లె. పొద్దున్నే బస్సెక్కి ఆస్పత్రికి వచ్చిన అరవై అయిదేళ్ల అవ్వ, గంటసేపు వరుసలో నిలబడి, తన వంతు రాగానే చెయ్యి చాపింది. నర్సమ్మ బీపీ చూసింది. 180/110. 'మాత్రలు వేసుకుంటున్నారా?' అని తమిళంలో అడిగింది. అవ్వ తలూపింది. పాత మందే ఇంకో నెలకు ఇచ్చి పంపారు. అవ్వ అబద్ధమేమీ చెప్పలేదు. వేసుకుంటున్న మాట నిజమే. కాకపోతే తల తిరిగిన రోజు మాత్రమే వేసుకుంటోంది. 'ఎప్పుడెప్పుడు వేసుకుంటున్నారు?' అని అడిగినవారు లేరు. రోజూ ఎందుకు వేసుకోవాలో ఆమెకు అర్థమయ్యేట్టు చెప్పినవారూ లేరు.

ఇందులో తప్పెవరిది? అవ్వదా, నర్సమ్మదా? ఇద్దరిదీ కాదనే చెప్పాలి. రోగిని సరిగా అడిగి తెలుసుకోవడం, చూసి పరీక్షించడం, ఇంటికి పోయాక ఏం చేయాలో నేర్పి పంపడం.. ఈ మూడూ నర్సు వృత్తికి ప్రాణం. మన ఆస్పత్రుల్లో రద్దీ పెరిగేకొద్దీ ముందుగా నలిగిపోతున్నది ఈ మూడే. మందు చీటీ మాత్రం మిగులుతోంది.

లెక్కలు ఈ మాటే చెబుతున్నాయి. తమిళనాడు ప్రభుత్వం 2020లో జరిపించిన స్టెప్స్ సర్వేలో పెద్దవారిలో నూటికి 33.9 మందికి బీపీ, 17.6 మందికి షుగరు ఉన్నట్లు తేలింది. అది ఒక ఎత్తయితే, ఆ బీపీ ఉన్నవాళ్లలో అదుపులో ఉన్నది నూటికి 7.3 మందికే. షుగరు అదుపులో ఉన్నది 10.8 మందికే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు, ఉచిత మందులకు దేశంలోనే పేరున్న రాష్ట్రంలో ఇదీ పరిస్థితి. మందు దొరక్కపోవడం ఒక్కటే కారణమైతే ఇంత తేడా రాదు గదా!

ఆ సర్వే తర్వాత తమిళనాడు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 2021 ఆగస్టు 5న 'మక్కళై తేడి మరుత్తువం' పథకాన్ని తెచ్చింది. ఆరోగ్య కార్యకర్తలైన మహిళలు ఇంటింటికీ వెళ్లి బీపీ, షుగరు చూసి మందులు అందించడం, మంచానపడ్డవారికి నర్సు సేవలు, ఫిజియోథెరపీ ఇంట్లోనే ఇవ్వడం దాని పద్ధతి. పథకం మొదలైంది కూడా తెలుగు బాగా వినిపించే కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలోనే. 2024లో దానికి ఐక్యరాజ్యసమితి విభాగం నుంచి అవార్డు కూడా వచ్చింది. మందు గడపదాకా వచ్చిందంటే మెచ్చుకోవాల్సిందే. మరి ఆ మందు వెనక రావాల్సిన మాట సంగతేమిటి? అదీ ఏ భాషలో?

2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవారు సుమారు 42 లక్షల మంది. అంటే నూటికి దాదాపు ఆరుగురు. ఒట్టపిడారం, విళాత్తికుళం, ఎట్టయపురం, కోవిల్‌పట్టి, సాత్తూరు, రాజపాళయం.. ఈ కరిసల్ నేల మీద ఊరూరా ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లున్నారు. పొలం చేసుకునేవారు, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పోయేవారు, ఊరిని శుభ్రం చేసేవారు, పుదియంపుత్తూరులో బట్టలు కుట్టేవారు అందరిలోనూ ఉన్నారు. బయట తమిళం, ఇంట్లో తెలుగు. చదువు తమిళంలో. సంతలో బేరానికి, బస్సులో టికెట్టుకు తమిళం హాయిగా సరిపోతుంది. ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పాల్సి వచ్చేసరికి మాత్రం, ముఖ్యంగా ముసలివాళ్లకు, పుట్టి పెరిగిన మాటే నోటికొస్తుంది.

ఆ మాట ఎక్కడ తప్పిపోతుందో చూడండి. మనం 'ఆయాసం' అంటే ఊపిరి అందకపోవడం. తమిళంలో 'ఆయాసం' అంటే అలసట. మెట్టెక్కితే ఆయాసంగా ఉందని అవ్వ చెబితే, వినే చెవికి అది 'నీరసం' అయిపోవచ్చు. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్న మనిషికి బలం మందు రాసిచ్చి పంపితే పరిస్థితి ఏమిటి? మనం కాళ్లు 'తిమ్మిరి' అంటాం. తమిళంలో 'తిమిరు' అంటే జనం వాడుకలో పొగరు. షుగరు నరాల్ని తినేస్తున్నదనడానికి మొదటి గుర్తు ఆ తిమ్మిరే. అది చీటీకెక్కకపోతే, రేపు పుండు పడ్డాక గానీ సంగతి బయటపడదు.

ఇంట్లో అందరూ వాడే మాట కూడా ఒక్కోసారి దారి తప్పిస్తుంది. బీపీని ఆ ప్రాంతంలో 'రత్తకొదిప్పు' అంటారు. రక్తం ఉడకడం అని అర్థం. ఆ మాట విన్నవాళ్లు ఏమనుకుంటారు? కోపం వచ్చినప్పుడు, ఎండ తగిలినప్పుడు రక్తం ఉడుకుతుంది, అప్పుడు మాత్ర వేసుకుంటే చల్లబడుతుంది అనుకుంటారు. తల తిరక్కపోతే, మనసు నిమ్మళంగా ఉంటే మాత్ర అక్కర్లేదనుకుంటారు. బీపీ చాలామందిలో ఏ గుర్తూ చూపించకుండానే గుండెను, మెదడును, మూత్రపిండాలను దెబ్బతీస్తుందని వాళ్లకెవరు చెప్పాలి? డాక్టరుకు నిమిషం తీరికుండదు. ఆ పని చేయగలిగింది నర్సే.

అందుకే 'అడగడం' దగ్గరే అసలు వైద్యం మొదలవుతుంది. మాత్ర వేసుకుంటున్నారా అని అడిగితే అవుననే జవాబు వస్తుంది. 'పోయిన వారంలో ఎన్ని రోజులు తప్పింది?' అని అడిగితే నిజం వస్తుంది. 'ఎందుకు తప్పింది?' అంటే ఇంకా లోతైన నిజం వస్తుంది. ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్రతో కొందరికి కాళ్లు వాస్తాయి. వాపు చూసి భయపడి మానేసేవాళ్లు ఉంటారు. మెట్‌ఫార్మిన్‌తో కొందరికి కడుపులో తిప్పుతుంది. అన్నంతోపాటు వేసుకుంటే తగ్గుతుందని తెలియక ఆపేస్తారు. ఈ సంగతి డాక్టరు చెవిన పడితే మందు మార్చవచ్చు, మోతాదు మార్చవచ్చు. చెవిన పడకపోతే, మందు పనిచేయడం లేదనుకుని ఇంకో మాత్ర కలుపుతారు.

చూడడంలోనూ పద్ధతి ఉంది. బీపీ చూసేముందు మనిషి అయిదు నిమిషాలు కూర్చుని నిదానించాలి. అరగంట ముందు కాఫీ, బీడీ ఉండకూడదు. మూత్రం ఆపుకుని కూర్చోకూడదు. వీపుకు ఆనుడు, చేతికి బల్ల ఉండాలి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, చూస్తున్నంతసేపూ మాట్లాడకూడదు. రెండుసార్లు చూసి రాయాలి. బస్సు దిగి పరుగున వచ్చినవారికి నిలబెట్టి పట్టీ చుడితే వచ్చే అంకె ఆ మనిషిది కాదు, ఆ హడావుడిది. 140/90 దాటితే బీపీ అంటున్నామంటే, ఆ కొలత నమ్మదగ్గదై ఉండాలి.

షుగరు ఉన్నవారి విషయంలో నర్సు తప్పక చూడాల్సింది పాదాలు. చెప్పులు విప్పించి, వేళ్ల సందులు, మడమలు చూడడానికి రెండు నిమిషాలు చాలు. సన్నని నైలాను తీగతో పాదం మీద అక్కడక్కడ తాకి 'తెలుస్తోందా' అని అడిగితే స్పర్శ ఉందో పోయిందో తెలుస్తుంది. ఈ నేల సంగతి అక్కడివారికి వేరే చెప్పక్కర్లేదు. పొలం గట్టున, చెరువు కట్టన ఎక్కడ చూసినా సీమ తుమ్మ ముళ్లే. స్పర్శ పోయిన కాల్లో ముల్లు దిగితే ఆ మనిషికి తెలియదు. నాలుగు రోజులకు చీము పడుతుంది. ఆలస్యమైతే వేలు, ఇంకా ఆలస్యమైతే కాలే తీసేయాల్సిన గతి పడుతుంది. రెండు నిమిషాల చూపుతో కాపాడగలిగిన కాలది.

ఇక నేర్పడం. అందరమూ ఇక్కడే పొరబడుతున్నాం. చెప్పాం కాబట్టి తెలిసిందనుకుంటాం. నెదర్లాండ్స్ పరిశోధకుడు రాయ్ కెసెల్స్ 2003లో రాసిన ఒక వ్యాసం ప్రకారం, ఆస్పత్రిలో చెప్పిన సమాచారంలో 40 నుంచి 80 శాతం రోగులు వెంటనే మరిచిపోతారు. గుర్తున్నదాంట్లోనూ దాదాపు సగం తప్పుగా గుర్తుంటుంది. అదే ఏడాది అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో డీన్ షిల్లింజర్ బృందం షుగరు రోగుల మీద ఒక పరిశీలన చేసింది. కొత్త విషయం చెప్పాక అది అర్థమైందో లేదో డాక్టర్లు ఆరా తీసింది అయిదింట ఒక్క సందర్భంలోనే. అలా ఆరా తీసినచోట రోగుల షుగరు మెరుగ్గా అదుపులో ఉంది. అమెరికా డాక్టర్లకే తప్పని తంటా మనకు తప్పుతుందా?

దీనికి మందు ఖర్చులేనిది. చెప్పింది తిరిగి చెప్పించుకోవడమే. 'అర్థమైందా?' అంటే ఎవరైనా తలూపుతారు. కాదంటే నామోషీ. అందుకు బదులు, 'అవ్వా, నేను సరిగ్గా చెప్పానో లేదో నాకు తెలీలేదు. ఇంటికి పోయినాక కోడలికి ఎట్ల చెప్తారో ఒకసారి నాకు చెప్పండి' అనాలి. అప్పుడు పరీక్ష అవ్వకు కాదు, చెప్పినావిడకు. అవ్వ తడబడితే ఇంకో మాటలో మళ్లీ చెప్పాలి. ఒక రోజుకు ఒకటో రెండో విషయాలు చాలు. ఒకేసారి పది నీతులు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్లే.

ఏం చెప్పాలో కూడా ఆ నేలనుంచే ఎత్తుకోవాలి. రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఉప్పు మళ్లకు పేరెత్తిన తూత్తుకుడి జిల్లాలో ఆ అంకె ఎవరికి ఎక్కుతుంది? 'ఒక చిన్న చెంచా, అందులోనే కూర, చారు, ఊరగాయ, అప్పడం, కరువాడు అన్నీ' అంటే ఎక్కుతుంది. షుగరున్నవాళ్లు చక్కెర మానేసి కరుప్పట్టి కాఫీ తాగితే ఏం కాదనే నమ్మకం ఊరూరా ఉంది. తాటి బెల్లమైనా, చెరకు బెల్లమైనా రక్తంలోకి పోయాక చక్కెరే. కోవిల్‌పట్టి కడలై మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. అందులోనూ ఉన్నది బెల్లం పాకమే. సద్దన్నం తింటే షుగరు పెరగదని అనుకునేవాళ్లకు కొలతే మంచి గురువు. తిన్న రెండు గంటలకు ఒకసారి చూపించి, ఆ అంకె వాళ్లకే చదివి వినిపించాలి.

షుగరు పడిపోవడం గురించి చెప్పకుండా షుగరు మాత్ర చేతికివ్వడం ప్రమాదం. మాత్ర వేసుకుని అన్నం తినకుండా పొలానికి పోయినా, ఆడి నెల మొక్కులకో, ఏకాదశికో ఉపవాసమున్నా కొన్ని రకాల మాత్రలతో, ఇన్సులిన్‌తో షుగరు 70 కంటే కిందికి జారవచ్చు. చెమటలు, వణుకు, ఆకలి, కళ్లు బైర్లు కమ్మడం దాని గుర్తులు. వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. పావుగంటకు తగ్గకపోతే మళ్లీ తాగాలి. వేరుశనగ మిఠాయి కొరికితే నూనె గింజ కాబట్టి చక్కెర రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో ఇన్సులిన్ ఎట్లా? తడి ఇసుక పోసిన కుండలో ఇంకో చిన్న కుండ పెట్టి, అందులో మూతపెట్టి నీడన ఉంచాలి. పొడిచేచోటు రోజూ కాస్త మార్చుకోవాలి.

ఆయాసపు రోగానికి ఇచ్చే ఇన్‌హేలరు కూడా అంతే. చేతికిచ్చి పంపితే సగం మందు నోట్లోనే ఉండిపోతుంది. బాగా ఊపి, ఊపిరి బయటికి వదిలి, నొక్కుతూ నిదానంగా లోపలికి పీల్చి, పది లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. స్టిరాయిడ్ ఉన్న ఇన్‌హేలరైతే తర్వాత నోరు పుక్కిలించాలి. ఇది చెప్తే రాదు, నర్సమ్మ చేసి చూపించి, తన ఎదుటే చేయించాలి. రెండు వారాలు దాటిన దగ్గుంటే అది దుమ్ము వల్లనో, ఫ్యాక్టరీ పని వల్లనో అని సరిపెట్టుకోకుండా క్షయ పరీక్షకు పంపాలి.

ఎదలో బరువు, చల్లని చెమట, ఎడమ చేతిలోకి పాకే నొప్పి వస్తే 'వాయువు' అనుకుని సోడా తాగేవాళ్లు ఎంతమందో! మూతి ఒక పక్కకు పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడడం పక్షవాతపు గుర్తులు. గడ్డ కట్టిన రక్తాన్ని కరిగించే సూది మామూలుగా నాలుగున్నర గంటల లోపు పడాలి. ఆకు పసరు పోయించుకోవడానికి తిరిగే ప్రతి గంటా మెదడులో ఇంత భాగాన్ని పట్టుకుపోతుంది. ఈ ఒక్క పాఠం ఇంటింటా అందరికీ కంఠతా రావాలి.

ఇన్ని పనులు నర్సమ్మ ఒక్కతే ఎట్లా చేస్తుందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. వరుస తలుపు దాటి రోడ్డెక్కినచోట, రిజిస్టర్లు నింపడానికే పొద్దు చాలనిచోట ఓపికగా మాట్లాడమనడం చెప్పేవాళ్లకు సులువే. అందుకే ఇది నర్సుల మీద మోపే నేరం కాదు. ప్రభుత్వం తీర్చాల్సిన లోటు. ఎన్ని మాత్రలు పంచారని లెక్క అడిగే అధికారులు, ఎంతమందికి నేర్పారని, ఎంతమంది తిరిగి చెప్పగలిగారని కూడా అడగాలి. అడిగిన లెక్కకే సమయం దొరుకుతుంది, మనుషులు దొరుకుతారు.

భాష సంగతి కూడా అక్కడే తేల్చాలి. 2018లో జాతీయ మానవ హక్కుల సంఘం తయారుచేసిన రోగుల హక్కుల పత్రం, జబ్బు గురించి రోగికి తెలిసిన భాషలో, అర్థమయ్యే తీరులో చెప్పాలని అంటోంది. అది దయ కాదు, హక్కు. ఇందుకోసం హైదరాబాదు నుంచో, విజయవాడ నుంచో కరపత్రాలు తెప్పిస్తే మాత్రం ఒరిగేదేమీ లేదు. ఇంట్లో తెలుగు మాట్లాడే ఆ అవ్వకు తెలుగు అక్షరం రాదు. బడికి పోయిన మనవడికి వచ్చిన అక్షరం తమిళం. పైగా మన పుస్తకాల తెలుగు వేరు, కరిసల్ నేల తెలుగు వేరు. కావలసింది గొంతు. తెలుగు వీధిలోనే పుట్టిన అమ్మాయిని ఆ వీధికి ఆరోగ్య కార్యకర్తగా వేయడం, ఆ యాసలోనే నాలుగు నిమిషాల మాటలు రికార్డు చేసి ఫోన్లో వినిపించడం, రోగి కార్డు మీద 'ఇంటి భాష: తెలుగు' అని ఒక గడి పెట్టడం.. కోట్లు అక్కర్లేని పనులివి. నర్సింగ్ చదివే పిల్లలకు తిమ్మిరి, ఆయాసం, మంట, దడ వంటి ఓ ఇరవై మాటలు నేర్పితే అవి ఒక జీవితకాలం పనికొస్తాయి.

ఇంటివాళ్ల బాధ్యత కూడా ఉంది. ఆస్పత్రికి పోయేటప్పుడు వాడిన మాత్రల అట్టలు, మిగిలినవి, నాటు మందు ఉంటే అదీ ఒక సంచిలో వేసుకుని పోండి. ఎన్ని మిగిలాయో చూస్తే ఎన్ని తప్పాయో తెలిసిపోతుంది. నర్సమ్మ తిడుతుందని దాచవద్దు. అవ్వ వెంట పోయిన కొడుకో, మనవడో అవ్వకు బదులు జవాబు చెప్పేయకండి. ఆమె మాటను ఆమె మాటగానే తమిళంలో చెప్పండి. అర్థం కాకపోతే మళ్లీ చెప్పమని అడగడానికి సిగ్గుపడవద్దు.

సరిహద్దుకు ఇవతల ఉన్న మనం కూడా అద్దంలో చూసుకోవాలి. నగరి, సత్యవేడు, కుప్పం వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పాట్టి మన ఆస్పత్రికి వచ్చి 'మూచ్చు వాంగుదు' అంటే, అది ఊపిరి ఆడకపోవడమని ఎందరు సిబ్బందికి తెలుసు? అక్కడ మనవాళ్లకు కావాలని అడిగేది ఇక్కడ వాళ్లకు ఇవ్వాలి. అప్పుడే అడిగే నోటికి విలువ.

చివరిగా ఒక మాట. ఈ అక్షరాలు చదవగలిగిన మీరు మీ ఊళ్లో నలుగురిలో ఒకరు. మీ పక్కింట్లో ఉన్న అవ్వకు ఇది చదవడం రాదు. ఈ పేజీ మడిచి పెట్టేముందు ఆమె దగ్గర కూర్చోండి. బీపీ మాత్ర రోజూ ఎందుకో, పాదం ఎందుకు చూసుకోవాలో ఇంటి మాటలో చెప్పండి. తర్వాత ఆమెను మీకు తిరిగి చెప్పమనండి. చెప్పగలిగితే, ఆ రోజుకు ఆ వీధిలో ఒక నర్సమ్మ పని మీరు చేసినట్టే.